దొరికిన చోటే పడిన చోటు

వేగాన్ని ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వకూడదన్నది నాగరిక సమాజాలన్నీ ఒప్పుకున్న విషయం. అందుకే బళ్లు నడపడానికి లైసెన్సులు, మందులు కొనడానికి చీటీలు, మా కాలనీ వెనక మైదానంలో ప్లాస్టిక్ డిస్కులు విసరడానికి ఒక కమిటీ ఉన్నాయి. మొదటి రెండింటినీ తప్పించుకున్నవాళ్లు నాకు తెలుసు. మూడోదాన్ని తప్పించుకున్నవాళ్లెవరూ లేరు.

ఆట సంగతి తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. మైదానంలో అక్కడక్కడా ఇనుప స్తంభాలు పాతి, ఒక్కోదానికి గొలుసులు వేలాడే బుట్ట ఒకటి బిగిస్తారు. దూరంగా నిలబడి, చిన్న ప్లేటంత డిస్కుని విసిరి, అది పడిన చోటికి నడిచి, అక్కణ్నుంచి మళ్లీ విసిరి, చివరికి దాన్ని ఆ బుట్టలో వేయాలి. ఎంత తక్కువ విసుర్లలో వేస్తే అంత గొప్ప. దీన్ని డిస్క్ గోల్ఫ్ అంటారు. (మా ఇంట్లో విడిచిన బట్టల బుట్ట మంచం పక్కనే ఉంటుంది. అందులో మాత్రం ఇంతవరకూ ఒక్క చొక్కా కూడా పడలేదు. గొలుసులు లేకపోవడం వల్ల కావచ్చు.)

ప్రతి డిస్కు మీదా ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది. దాని పేరు వేగం. అది పధ్నాలుగు దాకా వెళుతుంది. రెండూ మూడూ బుట్ట దగ్గరికొచ్చాక నెమ్మదిగా వేసుకోవడానికి, నాలుగూ అయిదూ మధ్యరకం దూరానికి. తొమ్మిది దాటాక వచ్చేవి దూరపు డ్రైవర్లు. వీటి అంచు వెడల్పుగా మొదలై చివరికి చాకులా సన్నబడుతుంది. చూడగానే ఎవరికైనా ఒకటి కావాలనిపిస్తుంది. ఇక్కడే చిన్న మెలిక ఉంది. ఆ అంకె డిస్కు ఎంత వేగంగా పోతుందో చెప్పదు. అది తిన్నగా పోవాలంటే మనం ఎంత వేగంగా విసరాలో చెబుతుంది. అంటే అది డిస్కు ఇచ్చే హామీ కాదు, మన చేతిని అడిగే ప్రశ్న. చేతి దగ్గర సరైన జవాబు లేకపోతే డిస్కు కొంతదూరం బుద్ధిగా వెళ్లి, కుడిచేతివాటం వాళ్లకైతే ఉన్నట్టుండి ఎడమకి తిరిగి, గోడ దాటిపోతుంది. ఈ సంగతి పెట్టె మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంది. పెట్టెల మీద చిన్న అక్షరాలు చదివేది ఇంట్లో ఒక్క మనిషే కాబట్టి ఈ విజ్ఞానం మైదానం దాకా చేరలేదు.

మావారు లిఫ్టుల భద్రతా తనిఖీ కార్యాలయంలో పనిచేస్తారు. ఫలానా లిఫ్టు మనుషులు ఎక్కడానికి తగినదని సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం. ఆయన మాత్రం ఎక్కడికెళ్లినా మెట్లే ఎక్కుతారు.

మామూలు రోజుల్లో ఆయనకి లిఫ్టులు ఉండేవి. ఆదివారం లిఫ్టులు ఉండవు కాబట్టి నేను ఉండేదాన్ని. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, ఈ గరిటె ఇక్కడెందుకుందని అడిగేవారు. చేతికి అందుతుందని చెబితే, అందడం వేరు, ఉండాల్సిన చోట ఉండటం వేరు అనేవారు. ఒక ఆదివారం అల్మరాలో డబ్బాలన్నిటినీ దించి వాడకాన్ని బట్టి మళ్లీ పేర్చారు. (ఎవరి వాడకమో చెప్పలేదు. వంటింట్లో ఆయన వాడేవి బిస్కెట్ల డబ్బా, దాని వెనక నేను దాచిన బిస్కెట్ల డబ్బా.) ఇంకో ఆదివారం ప్రెషర్ కుక్కరు మీద ‘తదుపరి తనిఖీ వరకు చెల్లుతుంది’ అని చీటీ అంటించారు. ఆ చీటీ ఆవిరికి ఊడిపోయింది. నేను మాత్రం అక్కడే ఉన్నాను.

అలాంటి రోజుల్లో పై అంతస్తులో ఉండే పళ్ల డాక్టరుగారు ఆయన్ని డిస్క్ గోల్ఫ్‌కి తీసుకెళ్లారు. డాక్టరుగారు రిటైరయ్యారు. నోళ్లు తెరిపించే అవకాశం పోయాక ఒక సంఘం పెట్టి దానికి అధ్యక్షులయ్యారు. ఆ రోజు నుంచి మావారు ఆదివారం తెల్లారగానే వెళ్లి భోజనాల వేళకి గానీ వచ్చేవారు కాదు. పెళ్లయ్యాక నాకంటూ చేతికొచ్చిన మొదటి ఆస్తి ఆ ఆదివారం పొద్దులే. పేపరు మడత నేనే విప్పేదాన్ని. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, కాళ్లు ఎదుటి కుర్చీలో పెట్టుకుని, గళ్ల నుడికట్టు పెన్నుతో నింపేదాన్ని. పెన్సిలుతో కాదు, పెన్నుతోనే. తప్పయితే కొట్టేసుకునే హక్కు కూడా నాదే.

డిస్కు ఎగిరినన్నాళ్లూ నా ఆదివారాలకి ఢోకా లేదు. అందుకే ఆ సంఘం ఒక నియమం తెచ్చినప్పుడు అందరికన్నా ముందు కంగారుపడింది నేను.

సంఘం పేరు ‘ఉన్నత వేగ డిస్క్ విక్షేపకుల సంక్షేమ సంఘం’. అందులో మనిషికి అతని డిస్కు వేగమే హోదా. ఒకరినొకరు పరిచయం చేసుకునేటప్పుడు ఉద్యోగం, ఊరు అడగరు. ‘నేను పదకొండు’, ‘మా బావమరిది పన్నెండు’ అంటారు. చెట్టు నీడలో కుర్చీలు పన్నెండు దాటినవాళ్లవి. తొమ్మిది వేగం మనిషి నీళ్లు తాగుతుంటే పదకొండు వేగం మనిషి వస్తే సీసా దించి నిలబడతాడు. అందరికన్నా పైన పధ్నాలుగు వేగం ఆయన ఒకరున్నారు. టైల్స్ షాపు యజమాని. ఆయన్ని అందరూ సుడిగాలి అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారని అడిగితే, ‘అందరూ అలాగే అంటున్నారు, నేను కాదనలేకపోతున్నాను’ అని ఆయనే చెప్పారు. ఆయన డిస్కు విసరగా చూసినవాళ్లు లేరు. చేతికి విశ్రాంతి ఇస్తున్నారట.

మావారిది ఏడు. ఆటసామాన్ల షాపులో పనిచేసే పిల్ల, మీ చేతికి ఏడు చక్కగా సరిపోతుంది సార్, దీంతో హాయిగా ఆడుకోవచ్చు అందట. ఆయన ఇంటికొచ్చి, హాయి కోసం ఆడుతున్నానా నేను అని అన్నం కలుపుకోకుండా కూర్చున్నారు. ఆ షాపు ముందు నుంచి వెళ్లాల్సి వస్తే ఇప్పటికీ అవతలి పక్కన నడుస్తారు.

ఇంతలో కొత్త నియమం వచ్చింది. ఏడాదిలోగా తొమ్మిది దాటలేని సభ్యులు ‘వీక్షక సభ్యులు’ అవుతారు. వీక్షక సభ్యులు సాయంత్రాలు మాత్రమే రావచ్చు. గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టవచ్చు. ఆదివారం పొద్దున్న మైదానంలో అడుగు పెట్టరాదు. మావారు ఈ నియమాన్ని భోజనాల బల్ల దగ్గర మొత్తం చదివి వినిపించారు. చదివాక నిట్టూర్చి తల తిప్పారు. ఆయన చూపు వంటింటి అల్మరా మీద ఆగింది.

“మీకు పదమూడు కావాలండీ,” అన్నాను నేను వెంటనే.

అంత ప్రేమగా నేను ఆయనకి ఏదైనా కావాలని చాలా కాలంగా అనలేదు. ఆయన కళ్లు చెమర్చాయి.

అయితే కావాలనుకోగానే దొరకడానికి పదమూడు వేగం డ్రైవరు ఏమైనా కూరగాయా? తొమ్మిది దాటిన డిస్కు కొనాలంటే సంఘం అనుమతి ఉండాలి. అనుమతి రావాలంటే తొమ్మిది దాటిన డిస్కుతో తగినంత దూరం విసిరి చూపించాలి. తొమ్మిది దాటిన డిస్కు చేతిలోకి రావాలంటే అనుమతి ఉండాలి. ఈ నియమం రాసినవారు దాన్ని గుండ్రంగా రాశారు. డిస్కుల సంఘం కదా.

ముందు యాప్‌లో దరఖాస్తు పెట్టాలి. నేను పక్కన కూర్చుని చదువుతుంటే ఆయన జవాబులు చెప్పారు. మీకు వేగం ఎందుకు అవసరం? (యాభై మాటలకు మించకుండా.) మీ వంశంలో ఎవరైనా దూరం విసిరినవారు ఉన్నారా? చిన్నప్పుడు రాళ్లు విసిరేవారా? దీనికి ఎంచుకోవడానికి యాప్‌లో మూడు జవాబులున్నాయి: విసిరేవాణ్ని, విసిరేవాణ్ని కాదు, నా మీద విసిరేవారు. మావారు చాలాసేపు ఆలోచించి రెండు చోట్ల టిక్కు పెట్టమన్నారు. యాప్ ఒప్పుకోలేదు. ఆ తర్వాత మోచేతి ఫొటో అడిగింది. నవ్వుతున్న మోచెయ్యి వద్దని, తటస్థంగా ఉండాలని రాసింది. ఏది తటస్థమో తెలియక ఇద్దరం ఒక సాయంత్రమంతా ఆయన మోచేతిని అటూ ఇటూ తిప్పాం. మొత్తానికి పెళ్లి ఫొటోల కన్నా బాగా వచ్చింది.

తర్వాత భుజం పరీక్ష. అది అధ్యక్షులవారే చేస్తారు. మావారు చొక్కా విప్పి భుజం చూపిస్తే, డాక్టరుగారు అలవాటు కొద్దీ నోరు తెరవమన్నారట. తెరిచారట. వెనక దంతం ఒకటి కదులుతోంది గానీ భుజానికేం ఢోకా లేదని రాసిచ్చారు.

అప్పుడు గానీ శిక్షణ డిస్కు చేతికి రాలేదు. పదమూడు వేగం, మీద ఎర్రగా ‘శి’ అన్న అక్షరంతో ఒక చీటీ. అది అరువు డిస్కు. సాయంత్రాలు మాత్రమే, పదమూడు దాటిన పెద్దమనిషి ఒకరు పక్కన నిలబడి ఉండగా మాత్రమే విసరాలి. సుడిగాలిగారు నిలబడటానికి ఒప్పుకున్నారు. ఆయన నిలబడటంలో దిట్ట.

ఇక్కడ ఒక ఆచారం గురించి చెప్పాలి. డిస్కు వెనక ఫోను నంబరు రాసుకోవాలి. ఎక్కడైనా పడిపోతే దొరికినవాళ్లు ఫోను చేస్తారు. ఫోను వస్తే ఎత్తి తీరాలి, వెళ్లి తెచ్చుకు తీరాలి. మావారు దాని వెనక నా నంబరు రాశారు. ఎందుకంటే విసిరేటప్పుడు ఫోను మోగితే ఏకాగ్రత చెదురుతుందట. నా ఏకాగ్రత సంగతి యాప్ అడగలేదు.

మొదటి ఫోను ఆ సాయంత్రమే వచ్చింది.

“అండీ, మీ ఇంటి మూత ఒకటి మా బాల్కనీలో పడింది. గిన్నె కూడా వస్తుందా, లోపలికి పోయి కూర్చోమంటారా?”

మైదానం ఎడమ గోడ అవతల వీధిలో ఉండే ఆవిడ. వెళ్లి క్షమాపణ చెప్పి తెచ్చాను. మర్నాడు ఆ పక్కనే ఉన్న సెలూన్ అతను. సగం గడ్డం గీయించుకున్న మనిషి వీధిలోకి వచ్చి మరీ డిస్కు అందించాడు. ఆ తర్వాత బస్టాపు. తర్వాత మళ్లీ బాల్కనీ ఆవిడ. ఈసారి ఆవిడ నా పేరు ‘మూతలావిడ’ అని ఫోనులో రాసుకుంది. ఫోన్లన్నీ ఎడమ గోడ అవతలి నుంచే. కుడి వైపు కూడా ఇళ్లున్నాయి, వాళ్లకి ఈ ఆట గురించి తెలియను కూడా తెలియదు.

“అన్నీ ఎడమకే పడుతున్నాయండీ,” అన్నాను ఒకరోజు.

“గాలి,” అన్నారు మావారు.

(గాలికి ఆయనంటే ఎందుకంత కక్షో నేను ఇంతవరకూ కనుక్కోలేకపోయాను. మిగతావాళ్లు విసిరినప్పుడు అది ఏ పని మీదో ఊరెళ్లి ఉంటుంది.)

ఒకసారి బాల్కనీ ఆవిడ ఇంటి నుంచి వస్తూ, గేటు దాకా చుట్టూ తిరిగి నడిచే ఓపిక లేక, వీధిలోంచే గోడ మీదుగా డిస్కు లోపలికి విసిరాను. ఆ రోజు పడింది శిక్షణ డిస్కు కాదు, మావారి పాత సంచీలోని అయిదు వేగం డిస్కు. అది తీరుబడిగా, ఎవరి మీదా కోపం లేనట్టు వెళ్లి, ఎదురుగా ఉన్న బుట్ట గొలుసులకి తగిలి అందులో పడింది. మావారూ సుడిగాలిగారూ అటు చూశారు. “అయిదే కదా,” అన్నారు సుడిగాలిగారు. మావారు కూడా అయిదే కదా అన్నారు. నేను కూడా అంతే కదా అనుకుని ఇంటికొచ్చి కుక్కరు పెట్టాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం సుడిగాలిగారి ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. డిస్కు మీది ‘శి’ చీటీ చిరిగిపోతే కొత్తది ఆయన దగ్గరే తీసుకోవాలి. ఆయన నిద్రపోతున్నారు. ఆయన భార్య వంటింట్లో కప్పులు కడుగుతోంది. సింకు నిండా కప్పులు, గట్టు నిండా కప్పులు. ఇంట్లో ఏదో వేడుక జరిగిందనుకున్నాను. మావారు పదమూడుకి పరీక్ష రాయబోతున్నారని, అంటే విసరబోతున్నారని, నెగ్గాలని కోరుకుంటున్నానని చెప్పాను.

ఆవిడ నల్లా కట్టేసి నా వంక చూసింది.

“వదినగారూ, మీ ఆయన్ని పదమూడుకి పోనివ్వకండి.”

“ఎందుకండీ?”

“నేను పోనిచ్చాను,” అంది ఆవిడ, మళ్లీ నల్లా తిప్పి.

ఎంత అడిగినా ఇంకేం చెప్పలేదు. భర్త ఒక్కరే అంత పైన ఉండాలన్న ఆశ కాబోలనుకుని, ఆవిడ మీద కాస్త జాలిపడి వచ్చేశాను. జాలి ఎవరి మీద పడాలో కూడా నియమాలుంటే బాగుండేది.

పరీక్ష మరుసటి ఆదివారం పొద్దున్న. దీనికి సంఘం ‘దొరికిన చోటు సూత్రం’ పాటిస్తుంది. పూర్వం డిస్కు ఎక్కడ పడిందన్న దాని మీద పెద్ద గొడవలయ్యేవట. సభ్యుల్లో ఎవరికీ అంత దూరం కళ్లు ఆనవు, ఆ సంగతి ఎవరూ ఒప్పుకోరు. ఒకాయన డిస్కు చెట్టు దాటిందంటే, ఇంకొకాయన ఏ చెట్టని అడిగేవాడట. అందుకని డిస్కు ఎక్కడ దొరికితే అక్కడే పడినట్టని తీర్మానించారు. మైదానంలో దొరక్కపోతే దొరికినవాళ్ల ఫోను కోసం ఎదురుచూస్తారు. దొరికినవాళ్ల ఉద్దేశాలను ప్రశ్నించరాదు, అది సంఘం మర్యాద.

వెళ్లేటప్పుడు మావారి ముఖం పెళ్లిచూపులకి వచ్చిన రోజు ఎలా ఉందో అలా ఉంది. ఆ రోజు కూడా నేను ఒప్పుకుంటానో లేదోనని కాదు, తను కూర్చున్న కుర్చీ ఊగుతోందని భయపడ్డారు. నెగ్గుతారులెండి అన్నాను. గుమ్మం దాటాక, నా కిటికీ దగ్గర కూర్చుని, బహుశా చివరిసారేమోనని పేపరు మడత విప్పాను. అడ్డం గళ్లు సగం దాకా వచ్చాయి. ఫోను మోగింది.

“అమ్మా, మీ పళ్లెం ఒకటి మా దగ్గరుంది.”

“ఎక్కడండీ?”

“పరుపుల గోడౌన్లో. కాలువ వంతెన అవతల, బైపాసు మీద.”

నేను పెన్ను మూత పెట్టాను. అతను పరుపుల లారీ డ్రైవరు. పొద్దున మైదానం పక్క రోడ్డులో సిగ్నల్ పడితే ఆగాడట. పైకప్పు లేని లారీ, నిండా డబుల్ కాట్ పరుపులు. వెనక ఏదో ధబ్బుమంటే పట్టించుకోలేదట. గోడౌనుకి వెళ్లి తాళ్లు విప్పితే అన్నిటికన్నా పై పరుపు మీద ఇది వెల్లకిలా పడుకుని ఉందట.

“దెబ్బేం తగల్లేదమ్మా, మెత్తగానే పడింది. ఎవరిది, పిల్లాడిదా?”

“పిల్లాడిదే,” అన్నాను. “ఉంచండి బాబూ, వచ్చి తీసుకుంటాను.”

పెట్టేయగానే అధ్యక్షులవారి ఫోను. వెనక అందరూ ఊపిరి బిగబట్టి ఉన్నట్టు తెలుస్తోంది. మైదానమంతా వెతికారట, దొరకలేదట.

“ఏమ్మా, డిస్కు గురించి ఫోనేమైనా వచ్చిందా?”

“వచ్చిందండీ.”

“ఎక్కడ దొరికిందిట?”

అబద్ధం చెప్పడం నాకు ఇష్టం ఉండదు. అడిగినదానికి నిజం చెప్పాను.

“కాలువ వంతెన అవతల, పరుపుల గోడౌన్లో.”

అవతల ఎవరో కుర్చీలోంచి లేచిన చప్పుడు.

“ఏ కాలువమ్మా?”

“మనకున్నది అదొక్కటే కదండీ.”

“గోడౌను లోపలా, బయటా?”

“లోపలే.”

“తలుపు తీసి ఉందా?”

“తీసే ఉందిటండీ.”

“అయితే నేరుగా వెళ్లిందన్నమాట,” అన్నారు డాక్టరుగారు మెల్లగా.

ఆ తర్వాత ఫారం నింపుకున్నారు. దొరికిన స్థలం చెప్పాను. డిస్కు పరిస్థితి అడిగారు, హాయిగా ఉందని చెప్పాను. ఎలా వెళ్లిందన్న గడి ఆ ఫారంలో లేదు. గళ్ల నుడికట్టు ఇన్నాళ్లుగా నింపుతున్నదాన్ని, లేని గడిలో అక్షరం వేయడం నాకు చేతకాదు.

మ్యాప్ తెరిచి కొలిచారు. సంఘం చరిత్రలోనే కాదు, కొలత రాసే గడిలో కూడా ఆ అంకె పట్టలేదు. పక్క గడిలోకి పొడిగించి రాశారట.

ఆ రోజు మావారు మెట్లెక్కలేదు. మొదటిసారి లిఫ్టులో పైకొచ్చారు. మెడలో దండ ఉంది. దండ తీసి కుర్చీకి తగిలించి, మంచినీళ్లు తాగి, నా ఎదురుగా కూర్చున్నారు.

“నిజంగా అక్కడే దొరికిందా?”

“అక్కడే. సాయంత్రం వెళ్లి తెచ్చుకుందాం.”

“నేను చూస్తుండగా ఎడమకే తిరిగింది.”

“తిరిగే ఉంటుంది.”

“మరి అంత దూరం ఎలా పోయిందంటావ్?”

ఆయన ముఖంలోకి చూశాను. పాపం, నిజంగానే అడుగుతున్నారు. ఒక్క క్షణం లారీ నా నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆయన వెనక, గుమ్మంలోంచి, వంటింటి అల్మరా కనిపిస్తోంది.

“గాలి,” అన్నాను.

ఆయన భుజాలు నిటారుగా అయ్యాయి. “నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను,” అన్నారు.

పదమూడు వేగానికి శాశ్వత అనుమతి వచ్చింది. అనుమతి పత్రం వెనకవైపు నియమాలుంటాయి. చిన్న అక్షరాలు. ఇంట్లో అవి చదివే మనిషి ఆ రోజు సంతోషంలో ఉండి చదవలేదు. సన్మాన సభలో అధ్యక్షులవారే గట్టిగా చదివారు. పదమూడు, అంతకు మించిన వేగం గలవారు వెంటనే ఉన్నత కమిటీలో సభ్యులవుతారు. ఉన్నత కమిటీ సభ్యులు ఇక డిస్కు విసరరు. విసిరితే దూరం తెలుస్తుంది, తెలిస్తే హోదాకి భంగం. (ఈ రెండో వాక్యం నియమంలో లేదు, నేను చేర్చుకున్నాను.) వారు ఇతరుల వేగాన్ని నిర్ణయిస్తారు. ఇందుకోసం ప్రతి ఆదివారం పొద్దున్న ఒక సభ్యుడి ఇంట్లో సమావేశమవుతారు.

అప్పటిదాకా ఆ సమావేశాలు జరిగింది సుడిగాలిగారి ఇంట్లో. నాకు సింకు నిండా కప్పులు కళ్లముందు కదిలాయి.

సుడిగాలిగారు లేచి, కాలువ దాటించిన చేతికి ఇంతకన్నా తక్కువ గౌరవం తగదని, ఇక మీదట సమావేశాలన్నీ ఆ చెయ్యి ఉన్న ఇంట్లోనే జరగాలని ప్రతిపాదించారు. ప్రతిపాదించింది ఆయనే అయినా, మాటలు ముందు రాత్రే ఎవరో బాగా వల్లె వేయించినట్టున్నాయి. వెనక వరసలో ఆయన భార్య చప్పట్లు కొడుతోంది. సంఘం పుట్టాక అంత నిండు మనసుతో చప్పట్లు కొట్టినవాళ్లు లేరు. ఏకగ్రీవంగా ఆమోదించారు. మావారు నా వైపు గర్వంగా చూశారు.

మొదటి సమావేశంలో మావారితో కలిపి అయిదుగురు. అధ్యక్షులవారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, కాళ్లు ఎదుటి కుర్చీలో పెట్టుకుని, పేపరు మడత విప్పారు. గళ్ల నుడికట్టు అందరూ కలిసి నింపారు. పెన్నుతో, గళ్లకి సరిపోని చోట అక్షరాలు ఇరికించి. సుడిగాలిగారు టీలో చక్కెర ఒక చెంచా తక్కువైందని తీర్మానం చేశారు. మావారు ఆయన్ని వంటింట్లోకి తీసుకెళ్లి డబ్బాలు ఏ పద్ధతిలో పేర్చారో వివరించారు. గుమ్మంలో ఇద్దరు నిలబడ్డారు. ఈ గరిటె ఇక్కడెందుకుందని సుడిగాలిగారు అడిగారు. సమావేశం మధ్యలో ఫోన్లు ఎత్తరాదని ఒక నియమం ప్రతిపాదించారు. డిస్కు దొరికిందన్న ఫోను మాత్రం యథాప్రకారం ఎత్తి తీరాలని, వెళ్లి తెచ్చుకు తీరాలని పాత నియమాన్ని మళ్లీ ధ్రువీకరించారు. నేను రెండో విడత టీ పోస్తూ అన్నీ విన్నాను.

ఆ మధ్యాహ్నం కప్పులు కడిగాక అనుమతి పత్రం తిరగేసి చిన్న అక్షరాలన్నీ చదివాను. తొమ్మిది దాటిన డిస్కుల గురించి బోలెడన్ని నియమాలున్నాయి. ఏడు గురించి కొన్ని ఉన్నాయి. అయిదు, అంతకన్నా తక్కువ వేగం డిస్కుల గురించి ఒక్క మాట కూడా లేదు. వాటిని ఎవరు విసరాలో, ఎప్పుడు విసరాలో, సభ్యులై ఉండాలో లేదో ఎవరికీ రాయాలనిపించలేదు. అయిదే కదా.

సుడిగాలిగారి భార్యకి ఫోను చేశాను. “ఇన్నాళ్లు పట్టిందేం వదినగారూ,” అంది ఆవిడ. “చెప్పులు వద్దు, బూట్లు వేసుకు రండి. గడ్డి తడిగా ఉంటుంది.”

ఇప్పుడు ఆదివారాలు ఇలా గడుస్తున్నాయి. ఫ్లాస్కు నిండా టీ, లెక్కపెట్టి అయిదు కప్పులు బల్ల మీద పెట్టి, మావారి పాత సంచీ భుజాన వేసుకుని తెల్లారేసరికి మైదానంలో ఉంటాను. తొమ్మిది దాటే పనిలో ఉన్నవాళ్లంతా ఆ చివర ఉంటారు. ఈ చివర మేమిద్దరం, గొలుసులు, ఎండ. డిస్కులు నెమ్మదిగా, తిన్నగా పోతాయి. బుట్టలో పడతాయి. ఎంత దూరమని అడిగేవాళ్లు లేరు. ఎప్పుడైనా బుద్ధి పుడితే ఎడమ గోడ మీదుగా ఒకటి కావాలనే వేస్తాను. బాల్కనీ ఆవిడకి ముందే చెప్పి ఉంచాను. వెంటనే ఫోను చేస్తుంది.

డిస్కుల వెనక నా నంబరు చెరిపి మావారిది రాశాను. సమావేశం మధ్యలో ఫోను ఎత్తకూడదు, డిస్కు ఫోనయితే ఎత్తి తీరాలి, వెళ్లి తెచ్చుకు తీరాలి. రెండు నియమాలూ మా ఇంట్లోనే, నా టీ తాగుతూ, ఏకగ్రీవంగా ఆమోదించినవి.